నూనెతాటి తోటయు నేలసారమును

పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడివడినను వాని నేల మాఱలేదు. ఎఱ్ఱచెలకలు, దుబ్బలు, కొద్దిపాటి వానలు, లోతైన బోరుబావులు: ఇదియే మన మెట్టసీమ స్వరూపము. ఇట్టిచోట నేడు ఆయిల్‌పామ్ అనబడు నూనెతాటి తోటలు వెలయుచున్నవి. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయల పథకము నామోదించిన పిమ్మట ఈ సాగునకు ప్రోత్సాహము హెచ్చినది. చెట్టు నాటినచో నేల తనంతట బలపడునని పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సగమే నిజమని మా యభిప్రాయము.

నేలకు బలమెట్లు కలుగును? ఆకు, వేరు, పేడ చివికి మన్నుతో కలసి నల్లని పదార్థమగును. అందు సగమునకు మించినది కర్బనమే. అది గల నేల నీటిని పట్టియుంచును. ఎరువును కొట్టుకొని పోనీయదు. నేలపరీక్షలో కర్బనము 0.5 శాతమునకు తగ్గినచో "తక్కువ" యని వ్రాయుదురు. మన చెలకలలో పెక్కింటి స్థితి యిదియే. మండుటెండలు, మాటిమాటికి దున్నుట, పొలమును వట్టిగా విడుచుట ఇందులకు ముఖ్యకారణములు.

ఇండోనీషియాలో అడవులు నఱికి, బురదనేలల నీరు తీసి ఈ తోటలు వేసినందున అపారమైన కర్బనము గాలిపాలయ్యెను. మనము వేయునది సాగుభూములలో. కావున ఆ నింద మనకు వర్తింపదు. అయినను నిశ్చింతగా నుండరాదు. కొలంబియాలో పశువుల బీళ్లను ఈ తోటలుగా మార్చినచోట, చెట్లు పెరుగుచున్నను నేలలోని కర్బనము తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి. చెట్టున్నంతమాత్రమున చాలదు, రైతు చేయు సేద్యమే ముఖ్యము.

ఒక లెక్క చూడుడు. మొక్కలను 9 మీటర్ల యెడముగా నాటినచో ఎకరమునకు 57 చెట్లు పట్టును. ఎదిగిన చెట్టునకు నెలకు రెండు మట్టల వంతున కోసినను, ఎకరమున ఏటికి 1,368 మట్టలు చేతికి వచ్చును. వీనిని తగులబెట్టినచో కర్బనము బొగ్గుపులుసు వాయువై లేచిపోవును. నత్రజనియు దానివెంట పోవును. మిగులునది పిడికెడు బూడిద. వానినే ముక్కలుగా నఱికి వరుసల నడుమ పఱచినచో నేల చల్లబడును, తేమ నిలుచును, కర్బనము పెరుగును. మట్టలు పఱచినచోటి మన్ను గెలలు మోయు బాటలోని మన్నుకంటె సారవంతమగును.

మట్టలకు ముండ్లుండును, వాని క్రింద పాములు చేరును, కొమ్ముపురుగు పెరుగునని రైతులు చెప్పుదురు. ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. అయితే పెద్ద కుప్పలుగా వేయక పలుచగా పఱచుట, బాటను విడిచి వరుస మార్చి వరుసలో వేయుట ఇందులకు ఉపాయములు. నిప్పు మాత్రము ఉపాయము కాదు.

మొదటి మూడు నాలుగేండ్లు తోటనుండి రాబడి యుండదు, నీడయు నుండదు. అప్పుడే నేలకు మిక్కిలి నష్టము. ఆ కాలమున వరుసల నడుమ మాటిమాటికి దున్నక, జనుము, జీలుగు, పిల్లిపెసర చల్లి నేలను కప్పవలెను. పెంట తోలుట, చెఱువుమట్టి పోయుట, గొఱ్ఱెలమంద నిలుపుట మన తాతలెఱిగిన పద్ధతులే. ఇక మిల్లులో పండ్లు తీసిన వట్టిగెలలు గెలబరువులో సుమారు అయిదవవంతుండును. అవి తోటనుండి పోయినవే కాన, మరల తోటకు చేరుట న్యాయము. గెలలు కొనిపోయిన బండి వట్టిగెలలతో తిరిగి రావలెనని రైతులు కలసి కోరవలెను.

కాపునకు వచ్చిన చెట్టునకు వేసవిలో దినమునకు 200 లీటర్లకు పైగా నీరు కావలెను. నీటివసతి చూడక తోట వేయుట సాహసమే. ఉన్న నీరు నిలువవలెనన్నను నేలలో సారముండవలెను.

ఈ చెట్టు పాతికేండ్లకు పైబడి కాయును. నేడు తండ్రి నాటిన తోట తీసివేయునాటికి ఆ నేల కుమారుని చేతికి వచ్చును. అప్పుడది సారవంతమైయుండునో, గుల్లయై యుండునో నేటి సేద్యము నిర్ణయించును. కావున విద్యార్థులారా, సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మట్టలక్రింది మన్నును, బాటలోని మన్నును చెఱియొక పిడికెడు తీసి మీ తల్లిదండ్రులకు చూపుడు. మా మాటలకంటె ఆ రెండు పిడికిళ్లే బాగుగా బోధించును.