సోలార్ కరెంటు: లాభం ఊరికి దక్కేదెలా?

వరంగల్: ఇళ్లపై సోలార్ పలకలు పెట్టుకునేవారికి రాయితీ ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించిన విషయం విదితమే. 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78 వేల రూపాయల రాయితీ లభిస్తుంది. ఎండకు కొదవలేని ఈ జిల్లాకు ఇది చక్కని అవకాశమే. అయితే లెక్క వేసుకునే రైతుకు ఒక సందేహం కలుగక మానదు.

పంపుసెట్లకు 2004 నుంచి కరెంటు ఉచితం. తెల్లకార్డు గల ఇళ్లకు గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. బిల్లే కట్టనివారు అప్పుచేసి పలకలు ఎందుకు కొనాలి? ప్రశ్న న్యాయమైనదే. అటువంటి ఇంటికి కరెంటు ఆదా చేస్తే ఒరిగేదేమీ లేదు. మిగులు కరెంటును అమ్ముకుంటేనే లాభం. 3 కిలోవాట్ల పలకలపై నెలకు సుమారు 360 యూనిట్లు ఉత్పత్తి అవుతాయి.

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో 480 ఇళ్లకు ఈ ఏర్పాటు జరిగింది. సుమారు పదిన్నర కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి. రాయితీకి తోడు ఒక ప్రైవేటు కంపెనీ విరాళం, విద్యుత్ సంస్థ సొమ్ము కలిశాయి. రేవంత్ రెడ్డి స్వగ్రామానికి లభించిన చేయూత ప్రతి పల్లెకూ లభించదు గదా!

దీవి చూపిన దారి

డెన్మార్క్ దేశంలోని సామ్సో దీవి జనాభా 4 వేల లోపే. మన పెద్ద గ్రామమంత కూడా ఉండదు. 1997లో ప్రభుత్వం జరిపిన పోటీలో గెలిచినా ఆ దీవికి నగదు బహుమతి రాలేదు. రైతులు, ఇతర నివాసులు వాటాలు వేసుకుని గాలిమరలు కొన్నారు. నేలపై 11, సముద్రంలో 10 మరలు వెలిశాయి. పదేళ్లు తిరక్కముందే దీవి తాను వాడేదానికన్నా ఎక్కువ కరెంటు తయారుచేయసాగింది. మరలలో వాటా ఉన్నందువల్లే జనం వాటిని తమవిగా భావించారు.

వాటాల పద్ధతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. ముల్కనూరు సహకార సంఘం 1956లోనే వెలసింది. మహిళా సంఘాల ద్వారా 1,000 మెగావాట్ల సౌర కేంద్రాలు నెలకొల్పాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఒక మెగావాటుకు సుమారు 4 ఎకరాలు కావాలి. పంట పండని భూమి ఇందుకు పనికివస్తుంది. 5 వేలకు మించిన జనాభా గల గ్రామాల మధ్య పోటీ పెట్టి, జిల్లాకొక ఆదర్శ సౌర గ్రామానికి కోటి రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా సూర్యఘర్ పథకంలో ఉంది.

ముందుగా తెలుసుకోవలసినవి

బ్యాటరీ లేకుంటే, లైను కరెంటు పోయినప్పుడు పలకలున్న ఇల్లు కూడా చీకటే. పెంకుటిళ్లపై 3 కిలోవాట్ల పలకలు నిలపడం కష్టం. దుమ్ము తుడవాలి, కోతుల బెడద ఉన్నచోట రక్షణ కల్పించాలి. యూనిట్ ధర ఎంత, మరమ్మతు ఎవరిది అన్న విషయాలు ఒప్పందంలో చూసుకోవాలి.

ఈ విషయాలపై గ్రామసభలో చర్చ జరగాలి. పలకలు ఊరివి, పైసలు మరొకరివి అయితే లాభం కూడా మరొకరికే పోతుంది.