అద్దాల మండపం కడితే జరిమానా ఎవరు కట్టాలి?



తమిళనాడులో మన సంఘాల వాళ్లం ఎక్కడ నలుగురం కలిసినా ఒకటే మాట: పాత కల్యాణ మండపం తీసేసి ఏసీ హాలు కట్టాలి, ముందువైపంతా అద్దాలు పెట్టాలి. కట్టుకుందాం. కాని ప్లానుకు చేతులెత్తే ముందు ఒక చట్టం సంగతి మాట్లాడుకోవాలి.

ఇంధన పొదుపు చట్టం 2001 నాటిది. దాని కింద పెద్ద భవనాల కోసం ఈసీబీసీ అనే నియమావళి 2007లో వచ్చింది, 2017లో దాన్ని సవరించారు. కనెక్టెడ్ లోడు 100 కిలోవాట్లు గాని, కాంట్రాక్టు డిమాండు 120 కేవీఏ గాని ఉన్న వాణిజ్య భవనాలు దీని కిందికి వస్తాయి. జనం గుమిగూడే హాళ్లూ అందులో ఉన్నాయి. 2022 సవరణ ప్రకారం రాష్ట్రాలు ఈ హద్దును ఇంకా తగ్గించవచ్చు.

"మనదెంత, చిన్న హాలేగా" అనుకోవద్దు. టన్ను ఏసీకి సుమారు 1.2 కిలోవాట్లు వేసుకోండి. 60 టన్నులకే 72 అయింది. లిఫ్టు, వంటశాల, మోటార్లు, అలంకరణ దీపాలు కలిపితే వంద దాటడం ఎంతసేపు?

నియమం పాటించకపోతే పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. సరిదిద్దకుండా ఉంటే రోజుకు పది వేల వరకు అదనం. కాంట్రాక్టరు డబ్బు తీసుకుని తన దారిన పోతాడు. భవనం మన సంఘం పేరున ఉంటుంది కనుక జవాబు చెప్పాల్సింది మనమే, కట్టాల్సింది దాతలిచ్చిన సొమ్ములోంచే.

జరిమానా ఉండడం తప్పని మేము అనం. కాని భవనం లేచాక వేసే జరిమానాతో గోడలు మారవు. ప్లాను మంజూరు దగ్గరే లెక్క అడగాలి. ఇంజనీరును పెట్టుకునే స్తోమత లేని చిన్న ట్రస్టులకు ప్రభుత్వమే ఆ లెక్క చేసిపెట్టాలి.

ఇంతకీ నియమావళి అడిగేది కొత్తదేమీ కాదు. గోడ వైశాల్యంలో అద్దం 40 శాతం మించకూడదు. చదును మిద్దె తనమీద పడే ఎండలో కనీసం 60 శాతం వెనక్కి కొట్టాలి. మండువా ఇళ్లు, సున్నం జల్లి వేసిన మిద్దెలు కట్టుకున్న మన పెద్దలకు ఈ సంగతి ఏ నియమావళీ చెప్పలేదు.

ఖర్చు పెరుగుతుంది కదా అంటారు. కొంత పెరుగుతుంది. వేడి లోపలికి రాకపోతే ఏసీ టన్నులు తగ్గుతాయి, ఈబీ బిల్లు తగ్గుతుంది. బిల్లు పెరిగితే మండపం అద్దె పెంచక తప్పదు. అప్పుడు మన బీద కుటుంబం ఆడపిల్ల పెళ్లికి మన మండపాన్నే అందుకోలేదు. ఎవరి కోసం కట్టామో వాళ్లకే అందని హాలు మనకెందుకు?

కనుక సర్వసభ్య సమావేశంలో మూడు అడగండి: మొత్తం లోడు లెక్క కాగితం మీద చూపాలి, పడమటి వైపు అద్దాల గోడ వద్దు, నియమావళి బాధ్యత కాంట్రాక్టు పత్రంలోనే రాయాలి, అది తేలేదాకా చివరి బిల్లు ఇవ్వకూడదు. ఈ మూడింటికీ జవాబు వచ్చాకే శంకుస్థాపన ముహూర్తం చూద్దాం.