పని ఆగకూడదట, కూలీ కదలకూడదట!

2020 మార్చిలో దేశానికి తాళం వేసిన ప్రభుత్వం ఏప్రిల్ 20 నుంచి పట్టణాల్లో కట్టడం పనులకు తలుపు తీసింది. షరతు: కూలీలు సైటులోనే ఉండాలి, బయటివాళ్లను తేకూడదు. దాన్ని రక్షణ అన్నారు. బండ్లు ఆపి, కదలనివ్వకుండా పని చేయించుకోవడాన్ని నేను వెట్టి అంటాను.

సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటి భవనాలు కడుతున్న వలస కూలీలు జీతాలిమ్మని, ఇంటికి పంపమని ఏప్రిల్ 29న తిరగబడ్డారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు కదిలింది. దయతో కదిలిందని నేననుకోను.

ఇక ఆడకూలీ సంగతి. ఐదేళ్లలోపు పిల్లలున్నవారిని ఇంటినుంచే పని చేసేలా ప్రోత్సహించాలని అదే ఉత్తర్వు చెప్పింది. ఇసుక తట్ట ఇంటికి తెచ్చుకోవాలా? యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఎన్ని సైట్లలో చూశాం మనం? చాలాచోట్ల ఆమె కూలి మొగుడి లెక్కలో కలిపి మేస్త్రీ ఇస్తాడు. మస్టరులో పేరే లేనిదానికి లాక్‌డౌన్ సాయం ఏ ఖాతాలో పడుతుంది?

మస్టరులో ఆమె పేరు, ఆమె చేతికే ఆమె కూలి. కార్మిక శాఖవారిని సైటుకు పిలిపించి, అక్కడే అడుగుదాం.