రెండో ఆల్బమ్ ధైర్యం

హిట్టయిన ప్రోడక్టుకి రెండో వెర్షన్ చేసేటప్పుడు మేనేజర్లందరూ చెప్పే మాట ఒకటే: "పనిచేస్తున్నదాన్ని కదపకండి, పైన రెండు ఫీచర్లు తగిలించండి చాలు". మ్యూజిక్ బ్యాండ్లకీ ఇదే జబ్బు. మొదటి ఆల్బమ్ జనానికి నచ్చిందంటే రెండోది దానికి జిరాక్స్ కాపీలా దిగుతుంది. అందుకే ఏ బ్యాండు సత్తానైనా రెండో ఆల్బమ్‌తోనే కొలవాలంటాన్నేను.

ఈ లెక్కన నా మార్కులన్నీ బెంగళూరు బ్యాండ్ 'అగం' 2017లో తెచ్చిన 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'కే. వీళ్ళ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కర్ణాటక సంగీతాన్నీ ప్రోగ్రెసివ్ రాక్‌నీ కలిపి వాయిస్తారు. 2007లో రెహమాన్ ఆధ్వర్యంలో సన్ టీవీలో వచ్చిన బ్యాండ్ల పోటీలో గెలిచారు. 2012లో మొదటి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' వచ్చింది. అందులో త్యాగయ్య గారి 'బంటురీతి కొలువు'కి 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అని పేరు పెట్టారు. హంసనాదం రాగానికి హంసల పేరు, బాగుంది కదా! కర్ణాటక కచేరీ వైపు ఎన్నడూ తొంగిచూడని కుర్రాళ్ళు కూడా ఆ పాటకి ఊగిపోయారు.

కావాలనుకుంటే మరుసటి ఏడాదే అలాంటివి ఇంకో ఆరు దించేయొచ్చు. వీళ్ళు ఐదేళ్ళు తీసుకున్నారు. తీసుకుని ఏం చేశారయ్యా అంటే, ఒక వైపు త్యాగయ్య గారి 'మనవ్యాలకించ', దీక్షితార్ 'రంగపుర విహార', ఎం.డి. రామనాథన్ 'సాగర శయన విభో'. ఇంకో వైపు 'కూత్తు ఓవర్ కాఫీ'. అంటే సభలో చాప మీద కూర్చునే సంగీతాన్నీ, తమిళ వీధుల్లో దరువేసే కూత్తునీ ఒకే డబ్బాలో పెట్టారు. 'మనవ్యాలకించ' త్యాగయ్య తన మనసుకి తాను చెప్పుకునే మాట. కచేరీల్లో నళినకాంతి చలాకీగా నడిచిపోతుంది. వీళ్ళ చేతిలో అదే రాగానికి గిటార్లూ డ్రమ్సూ కలిసి ఎక్కడలేని బరువూ వచ్చింది. పాడింది మలయాళీ, బ్యాండు బెంగళూరుది, మాటలు మాత్రం మనవి.

ఇక్కడ మనలాంటివాళ్ళకి పనికొచ్చే పాయింటు ఒకటుంది. ఆ గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ బిట్స్ పిలానీలో చదివినవాడు, టెక్ కంపెనీల్లో డిజైన్ ఉద్యోగం చేస్తూ పాడినవాడు. నెల తిరిగేసరికి జీతం పడేవాడు ఏ ప్రొడ్యూసర్ గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. "పల్లవి ముప్ఫై సెకన్లలో రావాలి" అని అతన్ని దబాయించేవాడు లేడు. పూర్వం రాజులూ జమీందార్లూ చేసిన పోషణ ఇప్పుడు మన జీతమే చేస్తోంది. వారాంతంలో ఆ స్వేచ్ఛని వాడుకున్నారు కాబట్టే ఆ ఆల్బమ్ వచ్చింది.

మరి మన సంగతి? హైదరాబాద్‌లో 'చౌరస్తా' ఉంది. 'ఊరెళ్ళిపోతా మామ' విని ఆఫీసు క్యాబ్‌లో కళ్ళు తుడుచుకోని తెలుగు ఇంజినీరు ఉన్నాడా అసలు? 2020లో 'చేతులెత్తి మొక్కుతా' అంటూ కరోనా మీద వాళ్ళు చేసిన పాట ఊరూరా మోగింది. ఆ బ్యాండ్ గొంతు రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాటతో, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌తో సినిమాలో స్థిరపడ్డాడు. అందులో తప్పేం లేదు, ప్రతిభకి డబ్బు రావాలి. నా బాధల్లా వేరు. తెలుగులో బాగా పాడే ప్రతివాడికీ ఉన్న రోడ్డు ఒక్కటే, అది ఫిలింనగర్‌కే పోతుంది. సినిమా పాటలో సందర్భం దర్శకుడిది, నిడివి ఎడిటర్‌ది. సాహసం చేసే రెండో ఆల్బమ్ అక్కడ పుట్టదు.

ముడిసరుకు లేదా అంటే గుట్టలుగా ఉంది. మాది జనగామ, అమ్మమ్మ వాళ్ళది మహబూబాబాద్ దగ్గర, మా అక్కని ఇచ్చింది భూపాలపల్లి. ఈ మూడు ఊళ్ళ మధ్యే ఎన్ని రకాల దరువులో! జనగామ జిల్లాలో ఒగ్గుకథ: డోలు, తాళాలు, కంజీర, నపీర, మధ్యలో మల్లన్న కథో బీరప్ప కథో గంటల తరబడి. కథ మలుపు తిరిగినప్పుడల్లా డోలు దరువు మారుతుంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఇంతకన్నా ఏముంది చెప్పండి? అదే జిల్లాలో చిందు యక్షగానం, దానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. మహబూబాబాద్ తండాల్లో తీజ్ పాటలు, నంగారా. 2019లో ములుగు జిల్లా విడిపోయేదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న మేడారంలో కోయ డోలీలు.

వీటికి ఇప్పుడు దొరుకుతున్నదేంటి? యూట్యూబ్‌లో డీజే రీమిక్స్. ఏ పాటైనా అదే బీటు, అదే కీబోర్డు. దరువు పోయి చప్పుడు మిగులుతుంది.

"సంప్రదాయాన్ని రాక్‌తో పాడుచేస్తారా?" అనేవాళ్ళు ఉంటారు. కీర్తనకేం కాలేదు, కచేరీల్లో దాని చోటు దానికుంది. నాకు సరైన అభ్యంతరం అనిపించేది ఇంకోటి. త్యాగయ్య గారికి రాయల్టీ కట్టక్కర్లేదు. ఒగ్గు కళాకారుడికి ఇల్లుంది, పిల్లలున్నారు, ఆయనకి కట్టాలి. ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి లూప్ చేసుకుంటే అది ఫ్యూజన్ కాదు, దొంగతనం. డోలు వాయించినాయన పేరు బ్యాండ్ మెంబర్‌గా ఉండాలి, "జానపదం" అని ఒక్క ముక్క రాసి సరిపెట్టకూడదు. స్టూడియోలో గిటారిస్టు పక్కన ఆయనకి కుర్చీ ఉండాలి, వచ్చిన దాంట్లో వాటా ఉండాలి.

తొందర కూడా ఉంది. అగం రెండో ఆల్బమ్ వచ్చిన ఆ 2017లోనే జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన ఒగ్గుకథ పెద్దాయన చుక్క సత్తయ్య గారు పోయారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న మనిషి. గంటల కొద్దీ కథని కాగితం లేకుండా మోసే అలాంటి తలలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. వీటికి బ్యాకప్ సర్వర్ లేదు.

మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో శనివారం సాయంత్రం కవర్లు వాయించే బ్యాండ్లకి నాదొక్కటే మాట. గిటార్లున్నాయి, జీతాలున్నాయి, సికింద్రాబాద్ నుంచి జనగామకి రైలుంది. ఒక్క ఆదివారం వెళ్ళి డోలు ముందు బుద్ధిగా కూర్చోండి. తర్వాత ఐదేళ్ళు పట్టినా పర్లేదు, మేం ఆగుతాం. మనం మాత్రం అది వచ్చిన రోజు టొరెంట్ వెతుక్కోకుండా డబ్బులిచ్చి కొందాం, ఏమంటారు?