హిప్నాటిజంతో నిద్ర సమస్య పోతుందా?

మా టీంలో ఒకతనికి ఏడాదిగా ఒకటే గోల. "ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలట్లేదు బాస్" అని. పొద్దున్నే తలనొప్పి, మీటింగుల్లో తూగుడు. ఎవరో చెప్పారని ఒక హిప్నోథెరపీ సెంటర్లో పది సిట్టింగుల ప్యాకేజీ కట్టేశాడు. ఆరు అయ్యాయి, తేడా లేదు. చివరికి వాళ్ళావిడ "గురక మధ్యలో ఈయనకి ఊపిరి ఆగిపోతోందండీ" అని కంగారుపడి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తే, స్లీప్ టెస్ట్ చేసి స్లీప్ ఆప్నియా అని తేల్చారు. గొంతులో గాలి దారి మూసుకుపోతుంటే చెవిలో ఎన్ని మంచి మాటలు చెప్తే ఏం లాభం?

అలాగని హిప్నాటిజం అంతా బూటకం అనట్లేదు. అసలు తిరకాసు పేరులోనే ఉంది. హిప్నోస్ అంటే గ్రీకుల నిద్రదేవుడు. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండు సర్జన్ ఆ పేరుని ప్రచారంలోకి తెచ్చి, తర్వాత ఇది నిద్ర కాదని తెలుసుకుని తనే మార్చాలని చూశాడు. కుదర్లేదు. (ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిన వేరియబుల్ పేరు ఎవడు మారుస్తాడు :))

2014లో స్విట్జర్లాండు పరిశోధకులు కొందరు అమ్మాయిలకి పగటి కునుకు ముందు హిప్నాసిస్ టేపు వినిపించారు. సూచనలకి తేలిగ్గా లోబడే వాళ్ళలో గాఢనిద్ర 80 శాతం దాకా పెరిగింది. లోబడని వాళ్ళకి ఏ ఉపయోగమూ లేదు. పైగా వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, నిద్ర రోగులు కారు. ప్రకటనల్లో ఈ ముక్క కనపడదు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి ముందు చెయ్యాల్సింది సీబీటీ అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది, మాత్రల కంటే ముందు. మంచం నిద్రకే వాడాలి, నిద్ర రాకపోతే లేచి వెళ్ళిపోవాలి, మంచం మీద గడిపే టైం మొదట్లో తగ్గించాలి... చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటా. మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని డిబగ్ చేసే బాపతు నేను, నాకూ కష్టమే. దీనికి తోడుగా హిప్నాసిస్ కూడా చేయించుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ డబ్బు కట్టించుకునే ముందు "మీకు గురక ఉందా?" అని ఒక్క ప్రశ్న అడగరా? నా కోపం అక్కడే.

మావాడు ఇప్పుడు మాస్కు పెట్టుకుని సీప్యాప్ మెషిన్‌తో పడుకుంటున్నాడు. మిగిలిన నాలుగు సిట్టింగుల డబ్బు వెనక్కి ఇమ్మని వెళ్తే, "ఇవ్వడం కుదరదు సార్, కావాలంటే ఆ నాలుగూ బరువు తగ్గడానికి వాడుకోండి" అన్నారట.