"నడుస్తోంది కదా" అనేది జవాబు కాదు భాయ్

"చల్‌రా నా, కైకు ఛేడ్నా?" దుకాణంలో పాత సర్వర్ మార్చుదామని ఎవరైనా అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దల నోట వచ్చే మొదటి మాట ఇదే. నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం? ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పైసా పైసా కూడబెట్టి కారోబార్ నిలబెట్టిన మనుషుల తజుర్బా అందులో ఉంది. కానీ అది జవాబు మాత్రం కాదు.

గుంటూరులో మా చాచాది బట్టల హోల్‌సేల్ దుకాణం. ఏడు కంప్యూటర్లు, వాటన్నిటికీ కలిపి మూలన ఒక సర్వర్. 2014లో కొన్నది, విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడుస్తోంది. బిల్లులు, సరుకు లెక్క, ఎవరి దగ్గర ఎంత ఉధార్ ఉందో మొత్తం హిసాబ్ అందులోనే. చాచా "ముట్టుకోవద్దు" అంటారు. కొడుకు "అన్నీ కొత్తవి కొనేద్దాం" అంటాడు. దస్తర్‌ఖాన్ దగ్గర కూడా ఇదే బహస్. కంప్యూటర్ల పని నా పేషా కాబట్టి మష్వరా నన్నడిగారు. ఇద్దరి మాటా సగం సహీ, సగం గలత్ అన్నాను. ఎందుకంటే ఇద్దరూ రెండు వేర్వేరు ఫైసలాలను ఒకటిగా కలిపేశారు. ఆపరేటింగ్ సిస్టం సంగతి వేరు, మిషను సంగతి వేరు.

ముందు ఆపరేటింగ్ సిస్టం. 2012 ఆర్2కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్ 10తో ఆపేసింది. డబ్బు కట్టి తీసుకునే అదనపు అప్‌డేట్లకు కూడా 2026 అక్టోబర్ 13 ఆఖరి తారీఖు. అంటే మన తాళానికి మారు తాళంచెవి దొంగకు దొరికినా, తాళం మార్చే మనిషి రాడు.

ఇది ఖాళీ భయం కాదు. 2017 మేలో వన్నాక్రై వచ్చింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మందు ఆ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే విడుదలైంది. అప్‌డేట్లు అందే సిస్టం ఉన్నవాళ్ళకు జాగ్రత్తపడే మోకా దొరికింది. అప్పటికే గడువు దాటిన సర్వర్ 2003 వాళ్ళకు ఆ మందు అందింది నష్టం మొదలయ్యాకే.

పైగా ఆ సర్వర్‌లో ఉన్నది చాచా ఒక్కరి సొత్తు కాదు. ఊరూరి చిల్లర దుకాణాల వాళ్ళ ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు, బాకీలు ఉన్నాయి. ఎవరు ఎంత అప్పులో ఉన్నారో బజారుకెక్కితే పోయేది వాళ్ళ ఇజ్జత్. అది మన దగ్గరున్న అమానత్. అందుకే ఆపరేటింగ్ సిస్టం విషయంలో నేను కొడుకు వైపు.

మిషను విషయంలో మాత్రం "అన్నీ కొత్తవి" అనే మాట ఒప్పుకోను. అయిదారేళ్ళ సర్వర్ అయితే కొత్త సిస్టం వేసి, ఎస్‌ఎస్‌డీ, కాస్త ర్యామ్ పెంచితే చక్కగా నడుస్తుంది. చాచా సర్వర్ పదేళ్ళు దాటింది. డిస్కులు, పవర్ సప్లై ఎప్పుడైనా చేతులెత్తేస్తాయి, విడిభాగాలు సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి. కాబట్టి సర్వర్ ఒక్కటి కొత్తది కొనండి, పాతది బ్యాకప్‌కు వాడండి, మిగతా ఏడూ అవసరాన్ని బట్టి చూసుకోండి అన్నాను.

కొటేషన్ వచ్చినప్పుడు మూడు చూడండి. 2012 కోసం కొన్న యూజర్ లైసెన్సులు కొత్త సర్వర్‌కు చెల్లవు, అవి లెక్కలో ఉన్నాయా? సస్తాగా వస్తుందని 2016 అంటగడుతున్నారా? దాని గడువు 2027 జనవరి 12తోనే సరి. 2022 అయితే 2031 అక్టోబర్ దాకా ఉంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టం మీద నడుస్తుందని దాన్ని అమ్మినవాళ్ళు రాసి ఇచ్చారా?

అన్నిటికన్నా ముందు బ్యాకప్. రెండు డిస్కులకు ఒకేసారి రాసే మిర్రర్‌ను చాలామంది బ్యాకప్ అనుకుంటారు. కాదు. ఒకదాంట్లో చెరిగిపోతే రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. బ్యాకప్ వేరే చోట ఉండాలి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి ఉండాలి. తెరిచి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోవద్దు. జీఎస్టీ చట్టం కూడా లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచమంటోంది.

వక్తు కూడా చూసుకోవాలి. బట్టల వాళ్ళకు రంజాన్ ముందు ఈ పని వద్దు. ఈద్ రద్దీ తగ్గాక, మార్చి ఆఖరి లెక్కల హడావిడి లేని రోజుల్లో పెట్టుకోండి. కొత్తది కుదురుకునేదాకా పాతదాన్ని తుడిచేయకండి.

ఇప్పుడు స్తోమత లేదంటారా? అది షర్మిందా పడే విషయం కాదు. అప్పటిదాకా పాత సర్వర్‌కు ఇంటర్నెట్ తీసేయండి, ఇంటి నుంచి చూసుకునే రిమోట్ డెస్క్‌టాప్ మూసేయండి, రోజూ బ్యాకప్ తీయండి.

ఇక పెద్దలకు ఒక్క అర్జీ. రేపు పొద్దున సర్వర్ లేవకపోతే ఎన్ని రోజులు బిల్లులు చేత్తో రాయగలరు? ఉధార్ ఎంతో ఎవరినడిగి తెలుసుకుంటారు? గుమాస్తాల జీతాలు ఎలా ఇస్తారు? ఆ నుక్సాన్ ఒక కాగితం మీద వేసి, కొత్త సర్వర్ ధర దాని పక్కనే రాయండి. ఫైసలా అప్పుడు చేయండి, కొడుకుల్ని పక్కన కూర్చోబెట్టుకుని.