సినిమాలో సాయిబుకి ఏ యాస రాయాలి?



కొన్నేళ్ల కింద సినిమావాళ్లు షూటింగ్‌కని కోనసీమ వచ్చారు. పేపర్లో రాస్తానని ఎవరో చెబితే నన్ను రాజోలు పిలిపించి రెండు సీన్లకి మాటలు రాయమన్నారు. అందులో ఒక టైలర్ సాయిబు ఉన్నాడు. మనం రోజూ వినేదే రాశాను: "ఆయ్, రేపు అసర్ నమాజయ్యాక వచ్చి పట్టుకెళ్లండి. కాజాలు కుట్టేత్తే అయిపోయినట్టే."

డైరెక్టర్ చదివి నవ్వాడు. "బాగుంది భాయ్. కానీ ఇతను సాయిబని జనానికి ఎలా తెలుస్తుంది? 'నిమ్మల్కి', 'హమ్కి' అని వేయండి. నవ్వొస్తుంది."

వేశాను. ఇంటద్దె బాకీ ఉంది మరి. పైసలు జేబులో పెట్టుకుని అమలాపురం బస్సెక్కాను.

సినిమా ఆడలేదు కానీ టీవీలో వచ్చింది. అమ్మీ చూసింది. "ఇది నువ్వు రాసిందేనా బేటా? మీ అబ్బా ఎప్పుడైనా ఇలా మాట్లాడారా?" అంది. మా అబ్బా కొత్తపేటలో ముప్పయ్యేళ్లు కుట్టుమిషన్ తొక్కారు. ఆయన తెలుగు గోదావరి నీళ్లలా ఉండేది. నా దగ్గర జవాబ్ లేదు.

రాజోలు పక్క మట్టపర్రులో పుట్టిన సుకుమార్ కాకినాడలో లెక్కలు చెప్పి, 2004లో 'ఆర్య'తో డైరెక్టరయ్యాడు. 2018లో 'రంగస్థలం' తీసి మన గోదావరి యాసని ఏకంగా హీరో నోట పలికించాడు. అంతకు ముందే వంశీ తన పసలపూడి మనుషుల్ని కథల్లోకి తెచ్చాడు. ఆ యాసకి ఇజ్జత్ దొరికింది, ఖుషీ. కానీ అదే యాస మాట్లాడే సాయిబు తెర మీదకి రాగానే పరదేశీ అయిపోతాడు. లేదంటే 'ఖడ్గం' (2002) అమ్జద్‌లా మంచివాడే కానీ, వతన్ మీద మొహబ్బత్‌కి సబూత్ ఇచ్చుకోవాల్సిన మంచివాడు.

మనలో తెలుగు తడబడేవాళ్లు లేరా? ఉన్నారు. గడప దాటని మా నానీమా రెండు జుబాన్లూ కలిపేసేది. అది మజాక్ కాదు. పక్కింటావిడతో కష్టసుఖం చెప్పుకోవాలన్న తపన. అలాంటి మనిషిని అలాగే రాస్తే నాకు షికాయత్ లేదు. నవ్వు కోసం అందరికీ అదే నాలుక అతికిస్తేనే బాధ.

సలీమ్-జావేద్ 1975లో 'దీవార్' రాశారు. అందులో 786 బిళ్ల విలువ చెప్పే రహీమ్ చాచాని చూసి ఎవరూ నవ్వలేదు. అతను ముందు రేవులో కూలీ, తర్వాతే ముసల్మాన్. ఆ సినిమానే మరుసటి ఏడు ఎన్టీఆర్‌తో 'మగాడు'గా తెలుగులోకి వచ్చింది. మనిషిని మనిషిగా రాస్తే ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది.

కసూర్ డైరెక్టర్‌దే అని తప్పుకోలేను. అతనికి మన ఇల్లు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ రాశాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నది ఇందుకేనా అని ఇప్పటికీ నా జమీర్ అడుగుతుంది.

అందుకే ఒక గుజారిష్. మన ఇళ్లలో పిల్లాడు డాక్టర్నవుతానంటే మిఠాయి పంచుతాం, రాస్తానంటే ఫికర్ పడతాం. ఫికర్ సహీ, ఈ పనిలో రోజీ గ్యారంటీ లేదు. కానీ మన పిల్లలు కలం పట్టకపోతే మన అబ్బాల మాటలు ఎవరు రాస్తారు? మీ అమ్మాయో అబ్బాయో నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటుంటే లాక్కోకండి. ఒకసారి కూర్చుని చదివించుకోండి.

నన్ను మళ్లీ ఎవరైనా పిలిస్తే ఆ టైలర్ చేత, ఇన్షా అల్లా, "ఆయ్" అనే అనిపిస్తాను. వద్దంటే పైసలు వాపస్ ఇచ్చి బస్సెక్కుతాను.